లేని డ్రైవ్ పెట్టబోతే ఉన్న సిస్టమ్ కూలితే

ఒక ఐఎస్ఓ ఫైల్, అంటే సీడీనో డీవీడీనో మొత్తంగా ఒకే ఫైల్‌లో దాచిన నకలు, తెరవాల్సి వస్తుంది. దానికోసం, లేని డిస్క్ డ్రైవ్‌ని ఉన్నట్టు చూపించే వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ ఒకటి డౌన్‌లోడ్ చేస్తారు. ఇన్‌స్టాలర్ సగం పని చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే మిగతాది పూర్తి చేస్తానంటుంది. ఓకే నొక్కుతారు. విండోస్ గుర్తు వస్తుంది, చుక్కలు నాలుగు చుట్లు తిరుగుతాయి, తెర నీలంగా మారి ఏదో కోడ్ చూపించి మాయమవుతుంది. మళ్లీ విండోస్ గుర్తు, మళ్లీ చుక్కలు, మళ్లీ నీలం. అక్కడితో టెన్షన్ మొదలు.

ఇందులో వింత ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ చాలా చిన్నది. గిగాబైట్ల కొద్దీ ఉండే గేమ్ క్రాష్ అయితే సాధారణంగా ఆ గేమ్ ఒక్కటే మూసుకుపోతుంది. వీడియో ఎడిటర్ హ్యాంగ్ అయితే టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఆపేసి వేరే పని చూసుకోవచ్చు. కొన్ని మెగాబైట్ల ఈ ప్రోగ్రాం మాత్రం మొత్తం సిస్టమ్‌నే పడగొడుతుంది. నష్టం ఎంత అనేది ప్రోగ్రాం సైజును బట్టి ఉండదు, అది కంప్యూటర్‌లో ఏ చోట కూర్చుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

విండోస్‌లో మామూలు ప్రోగ్రాంలు నడిచే చోటు వేరు, విండోస్‌కి గుండెలాంటి కెర్నల్ నడిచే చోటు వేరు. మామూలు ప్రోగ్రాంకి తన మెమరీ తనది. పక్కవాళ్ల మెమరీలో చెయ్యి పెట్టబోతే విండోస్ ఆ ప్రోగ్రాంని మూసేస్తుంది, అంతే. కెర్నల్‌లో అలాంటి గోడలు లేవు. అక్కడ నడిచే డ్రైవర్, అంటే విండోస్ తరఫున పరికరాలతో మాట్లాడే ప్రోగ్రాం, మెమరీలో ఒక్క తప్పు చిరునామాలో రాసినా, ఇంకేం పాడైందో విండోస్‌కి తెలిసే దారి లేదు. డిస్క్ మీది ఫైళ్లు కూడా చెడిపోకముందే అన్నీ ఆపేయడం మేలని అది తనంతట తాను ఆగిపోతుంది. నీలి తెర అంటే అదే. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్ ఫైల్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అక్కడ కూడా తప్పు జరిగింది కెర్నల్‌లో కూర్చున్న డ్రైవర్‌లోనే. కొత్త విండోస్ 11లో ఈ తెర నీలం నుంచి నలుపుకి మారింది గానీ దాని అర్థం మారలేదు.

వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్‌కి కెర్నల్‌లో పనేమిటన్నది తర్వాతి ప్రశ్న. మై కంప్యూటర్‌లో ఒక కొత్త డీవీడీ డ్రైవ్ కనిపించాలంటే విండోస్‌ని నమ్మించాలి. నిజంగానే ఒక డిస్క్ కంట్రోలర్ ఉంది, దానికి ఒక డ్రైవ్ తగిలించి ఉంది అని చెప్పే డ్రైవర్ ఒకటి కావాలి. విండోస్ "ఫలానా సెక్టార్ చదివి ఇవ్వు" అని అడిగితే ఆ డ్రైవర్ ఐఎస్ఓ ఫైల్‌లోంచి ఆ ముక్క తీసి, డిస్క్ నుంచి వచ్చినట్టే అందిస్తుంది. అంటే మనకి కనిపించే విండో, బటన్లు, ఐకాన్ అన్నీ పైపై ముస్తాబే. అసలు సరుకు ఆ డ్రైవర్. క్రాష్ విచారణ కూడా దాని చుట్టూనే తిరగాలి.

పాత దాగుడుమూతల వారసత్వం

ఇంతవరకే అయితే గొడవ తక్కువే. కానీ ఈ రకం సాఫ్ట్‌వేర్ పెరిగిన కాలం వేరు. సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ లాంటి కాపీ రక్షణలు రాజ్యమేలిన రోజులవి. గేమ్ మొదలవగానే డ్రైవ్‌లో అసలు డిస్క్ ఉందా, నకలుందా అని అవి తనిఖీ చేసేవి. వర్చువల్ డ్రైవ్ తయారీదారులు ఆ తనిఖీని దాటడానికి ఇంకా కిందికి, డిస్క్ ఆదేశాలు అటూ ఇటూ వెళ్లే దారిలోకి దిగారు. రక్షణ సాఫ్ట్‌వేర్లు వర్చువల్ డ్రైవ్‌లను వెతికి పట్టుకోవడం మొదలుపెట్టాయి. వీళ్లు తమ డ్రైవర్‌ని దాచడం మొదలుపెట్టారు.

ఆ పోటీలోంచి వచ్చిన పేరే ఎస్‌పీటీడీ. డ్యూప్లెక్స్ సెక్యూర్ సంస్థ తయారు చేసిన ఈ డ్రైవర్‌ని డీమన్ టూల్స్, ఆల్కహాల్ 120 అనే వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్లు రెండూ వాడుకున్నాయి. విండోస్ పూర్తిగా లేవకముందే, బూట్ దశలోనే ఇది లోడ్ అవుతుంది. నిజమైన డిస్క్ డ్రైవర్ల మార్గంలోనే జొరబడి కూర్చుంటుంది. ప్రోగ్రాం లోపలి పనిని గమనించే డీబగ్గర్ కనిపిస్తే ఇన్‌స్టాల్ అవనని మొండికేస్తుంది. ఈ లక్షణాలు విన్నవాళ్లు ఇదేదో రూట్‌కిట్, అంటే సిస్టమ్ లోతుల్లో దాక్కునే మాల్వేర్, అనుకుంటే తప్పు పట్టలేం. రూట్‌కిట్ స్కానర్లు కూడా అలాగే అనుకునేవి. అందుకే మాల్వేర్ తొలగించేవాళ్లు స్కాన్‌కి ముందు డీఫాగర్ అనే చిన్న టూల్‌తో ఇలాంటి డ్రైవర్లన్నిటినీ తాత్కాలికంగా ఆపించేవాళ్లు.

ఇన్‌స్టాల్ మధ్యలో రీస్టార్ట్ అడగడానికి కారణం ఇక్కడే ఉంది. బూట్ దశ డ్రైవర్ తన చోట కూర్చోవాలంటే కంప్యూటర్ మొదటి నుంచి లేవాలి. ఆ లేవడంలో అది హార్డ్ డిస్క్ కంట్రోలర్ డ్రైవర్‌తో గొడవపడితే విండోస్ తన సొంత డిస్క్‌నే చేరుకోలేదు. ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని, 7బి అనే కోడ్‌తో తెర మీద పడే మాటకి అర్థం అదే. డిస్క్ పోయిందని చాలామంది భయపడతారు. చాలాసార్లు డిస్క్‌కి ఏమీ కాదు, దాని దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోతుంది.

ఎప్పుడు కూలింది?

ఈ సమస్యకి సలహా అడిగినవాళ్లకి తరచు దొరికే జవాబు "డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేయండి, లేకపోతే విండోస్ మళ్లీ వేసుకోండి" అని. ఇది వైద్యం కాదు, విసుగు. కోడ్‌లు, క్రాష్ వివరాలు దాచే డంప్ ఫైళ్లు చూడకముందే సగం సంగతి చెప్పే ప్రశ్న ఒకటుంది. కంప్యూటర్ సరిగ్గా ఏ క్షణంలో కూలింది?

ఇన్‌స్టాలర్ నడుస్తుండగానే, రీస్టార్ట్‌కి ముందే కూలితే, కొత్త డ్రైవర్ లోడ్ అయిన వెంటనే దేనితోనో తగాదా వచ్చిందని అర్థం. ముందు అనుమానించాల్సింది అప్పటికే ఉన్న మరో వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్‌ని. తర్వాత యాంటీవైరస్, డిస్క్ బర్నింగ్ సాఫ్ట్‌వేర్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్. ఇవన్నీ డిస్క్ దారిలోనో ఫైళ్ల దారిలోనో తలో చోట కాపు కాసేవే. ఒక్కొక్కటి విడిగా బాగానే ఉంటుంది, రెండు కలిస్తేనే పేచీ.

రీస్టార్ట్ తర్వాత విండోస్ లేవకుండానే కూలితే పైన చెప్పిన బూట్ దశ వ్యవహారం. ఉన్నవాటిలో ఇదే బరువైనది. కానీ నేరస్థుడు ఎవరో దాదాపు తేలిపోయినట్టే.

ఇన్‌స్టాల్ అయి, రీస్టార్ట్ కూడా బాగానే అయి, ఐఎస్ఓ ఫైల్‌ని మౌంట్ చేసినప్పుడే, అంటే డ్రైవ్‌లా తగిలించినప్పుడే, కూలితే డ్రైవర్ లోడ్ అవడంలో లోపం లేదు, చదివి ఇవ్వడంలో ఉంది. అప్పుడు వేరే ఇమేజ్ ఫైల్‌తో ఒకసారి చూడాలి. ఫైల్ నెట్‌వర్క్ డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉంటే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి చూడాలి. సగంలో ఆగిన డౌన్‌లోడ్ కూడా ఒక కారణం కావచ్చు. అయితే పాడైన ఫైల్ ఇచ్చినా మంచి డ్రైవర్ ఎర్రర్ చూపించాలే గానీ కూలిపోకూడదు. ఫైల్ మార్చగానే క్రాష్ ఆగిపోయినా, ఆ డ్రైవర్ మీద నమ్మకం తగ్గించుకోవడమే సరి.

షట్‌డౌన్‌లోనో, స్లీప్‌లోకి వెళ్తున్నప్పుడో, లేస్తున్నప్పుడో కూలడం మరో రకం. పవర్ మారే ఆదేశానికి డ్రైవర్ సమయానికి జవాబివ్వకపోతే డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని కనిపిస్తుంది. పాత డ్రైవర్‌ని కొత్త విండోస్ మీద బలవంతంగా నడిపినప్పుడు ఇది రావచ్చు.

ఇక వేళాపాళా లేకుండా, ఒకసారి ఒక కోడ్, ఇంకోసారి ఇంకో కోడ్‌తో కూలుతుంటే వర్చువల్ డ్రైవ్‌ని కాసేపు వదిలేసి ర్యామ్‌ని పరీక్షించాలి. మెమ్‌టెస్ట్86ని ఒక రాత్రంతా నడిపితే విషయం బయటపడవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసిన రోజే ర్యామ్ చెడిపోవాలని లేదు. అప్పటికే బలహీనంగా ఉన్న చోటికి ఆ రోజు పని తగిలి ఉండవచ్చు. ప్రతిసారీ అదే కోడ్, అదే ఫైల్ పేరు వస్తే మాత్రం డ్రైవరే.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. తయారీదారు ఎవరో ధ్రువీకరించే డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని విండోస్ అడ్డుకోవడం క్రాష్ కాదు. 64 బిట్ విస్టా నుంచి కెర్నల్ డ్రైవర్‌కి డిజిటల్ సంతకం తప్పనిసరి. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి కొత్త డ్రైవర్లకి మైక్రోసాఫ్ట్ సంతకమే కావాలి. విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే సరిపడని డ్రైవర్‌ని అసలు లోడ్ కానివ్వదు. ఇలాంటప్పుడు మెసేజ్ వస్తుంది, డ్రైవ్ కనిపించదు, సిస్టమ్ మాత్రం నిలబడే ఉంటుంది. ఆ మెసేజ్ చూసి చిరాకుపడి మెమరీ ఇంటెగ్రిటీని ఆపేస్తే, విండోస్ గుమ్మం దగ్గరే ఆపిన డ్రైవర్‌ని చేజేతులా లోపలికి రానిచ్చినట్టే. ఒక ఐఎస్ఓ ఫైల్ కోసం చేయాల్సిన పని కాదది.

సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది

నీలి తెర రెప్పపాటులో పోతుంటే అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ తీసేయాలి. అప్పుడు తెర నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. కోడ్ కన్నా దాని కింద ".సిస్" తోకతో కనిపించే ఫైల్ పేరు ఎక్కువ విలువైనది.

విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌లో సాధారణంగా ప్రతి క్రాష్‌కి ఒక చిన్న ఫైల్ మిగులుతుంది. నిర్‌సాఫ్ట్ వారి బ్లూస్క్రీన్‌వ్యూ దాన్ని చదివి అనుమానిత డ్రైవర్‌ని గులాబీ రంగులో చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ విన్‌డీబగ్ ఇంకా లోతుగా చెబుతుంది, కానీ దానికి కాస్త ఓపిక కావాలి. రెండిటితోనూ ఒక జాగ్రత్త ఉంది. అనుమానితుడిగా విండోస్ కెర్నల్ ఫైల్, అంటే ఎన్‌టీఓఎస్ కెర్నల్ పేరు వస్తే అదే దోషి అని నమ్మకూడదు. పగిలిన గ్లాసు ఎవరి చేతిలో కనిపిస్తే వాళ్లే పగలగొట్టారనుకోవడం లాంటిది అది. మెమరీని పాడుచేసిన డ్రైవర్ ఎప్పుడో తప్పుకుని ఉంటుంది, దెబ్బ తగిలిన చోట కెర్నల్ దొరికిపోతుంది.

పెద్దగా ఎవరూ తెరిచి చూడని ఫైల్ ఇంకొకటి ఉంది. విండోస్‌లోని ఐఎన్ఎఫ్ ఫోల్డర్‌లో సెటప్‌ఏపీఐ డెవ్ లాగ్. ప్లగ్ అండ్ ప్లే డివైస్ డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా తేదీ, సమయంతో సహా అందులో రాసి ఉంటుంది. మొదటి క్రాష్ సమయాన్ని దానితో పోల్చి చూస్తే వర్చువల్ డ్రైవ్ మీది అభియోగం నిలబడుతుందో లేదో తెలుస్తుంది. అదే గంటలో విండోస్ అప్‌డేట్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని మార్చి ఉంటే కథ వేరు.

లేవని కంప్యూటర్‌ని లేపడం

బూట్ మధ్యలో వరుసగా కొన్నిసార్లు ఫెయిలైతే విండోస్ 10, 11 తమంతట తామే రికవరీ తెరకి వెళ్తాయి. వెళ్లకపోతే, గుర్తు కనిపించగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం మూడుసార్లు చేస్తే ఆ తెర వస్తుంది. అక్కడ మొదట ప్రయత్నించాల్సింది సిస్టమ్ రిస్టోర్. ఇన్‌స్టాల్‌కి ముందు రిస్టోర్ పాయింట్ ఉంటే పని అరగంటలో అయిపోవచ్చు. చిక్కేమిటంటే విండోస్ 10 నుంచి చాలా కంప్యూటర్లలో సిస్టమ్ ప్రొటెక్షన్ మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. అవసరం పడిన రోజే ఆ సంగతి తెలుస్తుంది. విండోస్ 7 దాకా ఉన్న లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్ అనే మంచి సదుపాయం కూడా ఆ తర్వాత మెనూలోంచి పోయింది.

రెండోది సేఫ్ మోడ్. అందులోకి వెళ్లగలిగితే సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చు. కానీ సేఫ్ మోడ్ అన్ని డ్రైవర్లనూ ఆపదు. బూట్ దశ డ్రైవర్లు లేకుండా సిస్టమ్ లేవదేమోనన్న లెక్కతో వాటిని అక్కడా లోడ్ చేస్తుంది. సేఫ్ మోడ్‌లోనూ నీలి తెర వచ్చిందంటే హార్డ్‌వేర్ పోయిందని తేల్చేయకూడదన్నది అందుకే.

అప్పుడు మిగిలేది విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ. రికవరీ తెరలోని కమాండ్ ప్రాంప్ట్ నుంచి రిజిస్ట్రీ ఎడిటర్ తెరుచుకుంటుంది. మొదట కనిపించేది రికవరీ వాతావరణం సొంత రిజిస్ట్రీ, మన విండోస్‌ది కాదు. లోకల్ మెషీన్ మీద నిలబడి ఫైల్ మెనూలోని లోడ్ హైవ్‌తో, మన విండోస్‌లోని సిస్టమ్32 లోపలి కాన్ఫిగ్ ఫోల్డర్ నుంచి సిస్టమ్ అనే ఫైల్‌ని ఏదో ఒక పేరుతో ఎక్కించుకోవాలి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి, రోజూ సి అనుకునేది డి అయి కూర్చోవచ్చు. ఎక్కించాక అందులో కంట్రోల్‌సెట్001, దాని కింద సర్వీసెస్, దాని కింద అనుమానిత డ్రైవర్ పేరు. అక్కడ స్టార్ట్ అనే విలువ ఉంటుంది. 0 అంటే బూట్ దశలో, 1 అంటే సిస్టమ్ లేచే దశలో, 2 అంటే ఆ తర్వాత తనంతట తాను, 3 అంటే అడిగినప్పుడు, 4 అంటే అసలు వద్దు. ఎస్‌పీటీడీ లాంటి వాటికి అక్కడ 0 కనిపిస్తుంది. దాన్ని 4 చేసి, ఎక్కించుకున్న ఆ ఫైల్‌ని (హైవ్ అంటే అదే) అన్‌లోడ్ చేసి, రీస్టార్ట్ చేయాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్ అయితే ఇదంతా మొదలవకముందే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఆ అవస్థ పడేకన్నా డ్రైవర్ ఫైల్‌ని డిలీట్ చేసేస్తే పోదా అనిపిస్తుంది. అది అంత తేలిక కాదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని డిస్క్ డ్రైవ్ తరగతి మీద తమను ఫిల్టర్‌గా, అంటే ఆ డ్రైవ్‌కి వెళ్లే ఆదేశాల దారి మధ్యలో కూర్చునే డ్రైవర్‌గా, నమోదు చేసుకుంటాయి. రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే పేర్లతో కనిపించేవి అవే. ఫైల్ పోయి పేరు మిగిలితే, ఆ పేరుగల డ్రైవర్ దొరికేదాకా విండోస్ ఆ డ్రైవ్‌ని నడపనంటుంది. 2005 అక్టోబర్ చివర్లో మార్క్ రస్సినోవిచ్ తన కంప్యూటర్‌లో సోనీ బీఎంజీ సంగీత సీడీ నుంచి వచ్చిన రూట్‌కిట్‌ని కనిపెట్టి, దాని డ్రైవర్లను చేత్తో తీసేస్తే సీడీ డ్రైవ్ మాయమైంది. అంతటి విండోస్ నిపుణుడికే ఫిల్టర్ల జాబితా వెతికి ఆ పేర్లు తీసేస్తే గానీ డ్రైవ్ తిరిగి రాలేదు. సీడీ డ్రైవ్ పోతే పోయిందనుకోవచ్చు. హార్డ్ డిస్క్ దారిలోని ఫిల్టర్ విషయంలో ఇదే పొరపాటు జరిగితే విండోస్ లేవదు.

సిస్టమ్ లేచాక కూడా పని మిగిలే ఉంటుంది. ప్రోగ్రాంని అన్‌ఇన్‌స్టాల్ చేసినా డ్రైవర్ ఉండిపోవడం ఈ రకం సాఫ్ట్‌వేర్లలో మామూలే. ఎస్‌పీటీడీని తీయడానికైతే దాని సొంత ఇన్‌స్టాలర్‌ని విడిగా నడపాల్సి వచ్చేది. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి హిడెన్ డివైసెస్ చూపించమంటే, స్టోరేజ్ కంట్రోలర్ల కింద మసకగా కొన్ని పేర్లు కనిపిస్తాయి. అక్కడ అన్‌ఇన్‌స్టాల్ చేస్తూ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తీసేయమనే టిక్ పెట్టాలి. ఏదో పనికొస్తుందని పాత డ్రైవర్‌ని అలాగే ఉంచి, దాని మీద మరో కంపెనీ వర్చువల్ డ్రైవ్ ఎక్కిస్తే, పైన చెప్పిన మొదటి రకం క్రాష్‌కి ముహూర్తం పెట్టినట్టే.

అసలు అవసరమేనా

విండోస్ 8 వచ్చిన 2012 నుంచి ఐఎస్ఓ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. పని అయ్యాక రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ అంటే పోతుంది. ఆ డ్రైవర్ విండోస్‌తోనే వస్తుంది కాబట్టి బయటి డ్రైవర్‌ని కెర్నల్‌లోకి పిలవాల్సిన పనే లేదు. వీహెచ్‌డీ (వర్చువల్ హార్డ్ డిస్క్) ఫైళ్లయితే విండోస్ 7 నుంచే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తగిలించుకోవచ్చు. లైనక్స్‌లో ఇదే పని చేసే లూప్ డివైస్ ఎప్పటినుంచో ఉంది. లోపలి ఫైళ్లు మాత్రమే కావాలంటే మౌంట్ కూడా అక్కర్లేదు, 7-జిప్‌తో విప్పుకోవచ్చు. అది మామూలు ప్రోగ్రాం, కూలినా ఒక్కతే కూలుతుంది. ఇవి తెలియకపోవడం వల్లే, లేదా పదిహేనేళ్ల నాటి అలవాటు వల్లే ఇప్పటికీ ఎక్కువమంది వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ వెతుకుతున్నారనిపిస్తుంది.

నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఎండీఎఫ్, ఎన్ఆర్‌జీ, బిన్-క్యూ లాంటి వేరే డిస్క్ ఇమేజ్ ఫార్మాట్లను విండోస్ తనంతట తాను తెరవదు. పాటల ట్రాక్‌లు కలిసిన సీడీ ఇమేజ్‌ని ఐఎస్ఓగా మార్చితే ఆ పాటలు పోతాయి. అలాంటప్పుడు ఇన్‌స్టాల్ చేయక తప్పదు. రిస్టోర్ పాయింట్ చేత్తో పెట్టుకుని, పాత వర్చువల్ డ్రైవ్‌ల ఆనవాళ్లు తీసేసి, తయారీదారు సొంత సైట్ నుంచి తాజా వెర్షన్ తెచ్చుకుని, అప్పుడు మొదలుపెట్టాలి. క్లౌడ్ స్టోరేజ్‌ని డ్రైవ్‌లా చూపించే సాఫ్ట్‌వేర్లకీ ఇదే వర్తిస్తుంది. వాటిలో కొన్ని డొకన్, విన్‌ఎఫ్ఎస్‌పీ లాంటి కెర్నల్ డ్రైవర్ల మీద నడుస్తాయి, రెండు ప్రోగ్రాంలు ఒకే డ్రైవర్‌కి వేర్వేరు వెర్షన్లు తెచ్చిపెట్టడమూ జరుగుతుంది.

పాత గేమ్ కోసమే ఈ తంటా అయితే ఇంకో సంగతి చూసుకోవాలి. సేఫ్‌డిస్క్ నడవడానికి కావలసిన డ్రైవర్ విండోస్ 10లో అసలు లేదు. విస్టా నుంచి 8.1 దాకా ఉన్న వెర్షన్లలోనూ 2015 సెప్టెంబర్ భద్రతా అప్‌డేట్ దాన్ని ఆపేసింది. వర్చువల్ డ్రైవ్ ఎంత నిక్కచ్చిగా డిస్క్‌ని అనుకరించినా, అడగాల్సినవాడే లేనప్పుడు ఆ గేమ్ మొదలవదు. అలాంటివాటికి పాత విండోస్‌ని వర్చువల్‌బాక్స్ లాంటి వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాంలో, వేసుకోవడం మేలు. మామూలు ఐఎస్ఓని ఆ మెషీన్ తన డిస్క్ డ్రైవ్‌లోకి నేరుగా తీసుకుంటుంది. అంతకుమించి ఎస్‌పీటీడీయే కావాల్సి వచ్చినా లోపలే వేయవచ్చు, ముందు ఆ మెషీన్ ఉన్నదున్నట్టుగా ఒక నకలు (స్నాప్‌షాట్) తీసి పెట్టుకుంటే చాలు. అప్పుడు నీలి తెర వచ్చినా అది ఒక విండోలో వస్తుంది, దాని పక్కనే మిగతా పనులు నడుస్తూ ఉంటాయి.